అట్టడుగు జట్టును పై వరుసలో రాసిన గౌస్ భాయి

గత శుక్రవారం ఉదయం పత్రిక చేతబట్టుకొని, అలవాటు చొప్పున పాత బస్టాండు దారిలో గౌస్ భాయి రేడియో దుకాణం వైపు నడిచాను. తలుపులు మూసి ఉన్నాయి. ఎదుట పదిమంది నిలబడి ఉన్నారు.  పక్కనే చాయ్ హోటలు నడిపే యాదగిరి నన్ను చూసి గల్లా దగ్గరినుంచి లేచి వచ్చాడు.

"పంతులు సార్, గౌస్ భాయి పోయిండు. తెల్లారంగ నమాజుకు లేసిండట, గుండెల పట్టేసిందట. దవాఖానకు తీస్కపోయేదాక గూడ ఆగలే."

ఆ మాట చెవిని సోకిందే గాని మనసును చేరలేదు. ముందునాటి సాయంకాలమే కదా, అదే గడప మీద కూర్చొని నాతో వాదులాడాడు! అంత సజీవమైన కంఠం ఒక్క రాత్రిలో మూగబోవటమా! నేను డెబ్బది దాటినవాణ్ణి. ఆయన నాకంటె ఎనిమిదేండ్లు చిన్న. వరుస తప్పి, నన్ను వెనుక నిలిపి వెళ్లిపోయాడు. ఆయనను ఎరిగినవారికి నేను కొత్తగా చెప్పగలిగినది స్వల్పం. ఎరుగనివారు, ముఖ్యంగా ఈ పట్టణపు యువకులు, ఎటువంటి మనిషి తమ నడుమ రేడియోలు బాగుచేస్తూ జీవించాడో తెలుసుకోవాలన్న తపనతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

షేక్ గౌసుద్దీన్ అంటే సిద్దిపేటలో సగం మందికి తెలియదు. రేడియో గౌస్ భాయి అంటే తెలియనివారు లేరు. ఆజానుబాహువు, దుకాణం ద్వారబంధం కింద తల వంచకుండా ఏనాడూ లోనికి పోలేదు. యౌవనంలో నగరాన ఒక ప్రభుత్వశాఖ ఫుట్‌బాల్ జట్టుకు గోలు కాచాడు. ఆ కాలపు కానుకగా కుడిచేతి చివరి రెండు వేళ్లు వంకరపోయి మిగిలాయి. ఆ వంకర వేళ్లతోనే వెంట్రుకవాసి తీగెలను అతికేవాడు. తండ్రి మరణించాక నగరం విడిచి సొంత ఊరికి వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. సాయంత్రం కాగానే తలుపులు దగ్గరికి వేసి ఉన్నత పాఠశాల మైదానానికి నడిచేవాడు. నేత పనివారు, హమాలీలు, కూరగాయలమ్మేవారు, ఇట్లా రెక్కల కష్టం మీద బతికే పడుచువాళ్లను చేరదీసి ఆయన తయారుచేసిన బృందాన్ని జనం 'బస్తీ జట్టు' అనేవారు.

మా పరిచయం ఒక చెడిపోయిన రేడియోతో మొదలయింది. ఎనభైల ఆరంభం. నేను అప్పటికింకా పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. సాహిత్య ప్రసంగాలు వినే నా రేడియో గొంతు పోతే ఆయనకు అప్పగించాను. వారం తిరిగింది, ఇవ్వలేదు. రెండో వారమూ ఇవ్వలేదు. కోపంతో వెళ్లి నిలదీశాను.

"ఇగ చిన్న పని ఉన్నది పంతులు సాబ్."

"ఏమిటయ్యా ఆ పని?"

కాసేపు తల గోక్కున్నాడు. "అబద్ధమెందుకు సాబ్, మీ రేడియో మొన్న మంగళవారమే మంచిగైంది. గని నా దగ్గరున్న డబ్బాలల్ల లండన్‌కెల్లి వచ్చే ఫుట్‌బాల్ ఆట గింత సాఫ్‌గ దేంట్ల పడుతలేదు. గీ ఒక్క శనివారం ఉండనియ్యండ్రి. మీరు గూడ రాండ్రి, చాయ్ నాది."

ఆ నిష్కాపట్యానికి నవ్వు వచ్చి, శనివారం దీపాలు పెట్టిన వేళకు వెళ్లాను. ఆనాడు నేను చూసినది ఎన్నటికీ మరువలేను. చూసినది అనే అంటున్నాను. రేడియోలో ఎవరో తెల్లవాడు ఊపిరి సలపకుండా మాట్లాడుతున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గౌస్ భాయి కళ్లు మూసుకొని, నగరపు రోజుల్లో అబ్బిన ఇంగ్లీషుతో ఆ వాక్ప్రవాహాన్ని అదే వేగంతో మన మాటల్లోకి మలుస్తున్నాడు. "వాన పడుతున్నది సాబ్, మైదానమంత బురద. కుడిదిక్కు పొట్టోడు ఉరుకుతుండు, ఇద్దరు మీద పడ్డరు, తప్పించుకున్నడు, వాయమ్మో, తప్పించుకున్నడు!" సిద్దిపేట ఉక్కపోతలో, ఇనుప కుర్చీ మీద కూర్చున్న నా పాదాలకు ఏదో దూరదేశపు తడి తగిలింది. కావ్యాలు చదివి చెప్పి జీవించినవాణ్ణి. శ్రవణమాత్రాన దృశ్యం కళ్లకు కడుతుందని వేలసార్లు పాఠం చెప్పినవాణ్ణి. అది నాకు స్వయంగా అనుభవానికి వచ్చింది ఒక రేడియో మెకానిక్ నోట. ఆ రేడియోను తిరిగి అడగటానికి నాకు మనసొప్పలేదు.

ఆదివారం ఉదయం ఆయనకొక వ్రతం ఉండేది. దుకాణం తలుపు రెక్కకు నల్లరంగు పూయించి, దాని మీద ఇంగ్లండు దేశపు ప్రథమశ్రేణి జట్ల వరుసను సుద్దముక్కతో తెలుగులో రాసేవాడు. అయితే ప్రపంచమంతా గెలిచినవాణ్ణి పైన రాసి, ఓడినవాణ్ణి కింద రాస్తుంది. గౌస్ భాయి తలకిందులుగా రాసేవాడు. అట్టడుగు జట్టు పై వరుసలో ఉండేది. సర్వవిజేత పేరు తలుపు అడుగున, మోకాళ్ల మీద వంగితే గాని కనబడని చోట ఉండేది. ఇదేమి క్రమమని అడిగితే, "పైనున్నోన్ని ఎట్లైన ఎతికి సదువుతరు సాబ్. కిందున్నోన్ని కింద రాస్తె ఎవడు సదువుతడు? ముందుగాల వాన్ని అరుసుకోవాలె గద!" అన్నాడు. రోజూ ఆ దారిన పోయేవారికి ఈ సంగతి తెలుసు. తెలియనివారివలన ఏమయిందో ముందు ముందు చెబుతాను.

ఆ పై వరుస పేరు తరచుగా ఒక చిన్న ఓడరేవు పట్టణపు జట్టుది. గౌస్ భాయి వారిని 'మనోళ్లు' అనేవాడు. ఆ ఊరు ఆయన చూసినది కాదు, చూడగలిగినదీ కాదు. నగరంలో ఆడే రోజుల్లో ఎవరో ఇచ్చిన పాత పత్రికలో, తెల్లని చేతులున్న నీలి అంగీలు తొడిగిన వారి జట్టు బొమ్మలో గోల్‌కీపరును చూశాడట. అతని వేళ్లూ వంకరగా ఉన్నాయట. అంతే బంధుత్వం.

ఆ దేశపు ఆటలో సంపన్న జట్ల ప్రాభవం ఎట్లా పెరిగిందో ఆయన చెప్పగా విన్నంత విపులంగా నేను ఏ రాజవంశ చరిత్రనూ చదవలేదు. ఒకప్పుడు ఆటగాడి జీతానికి అందరికీ ఒకటే హద్దు ఉండేదట. ఎంత పెద్ద ఊరైనా అంతకు మించి ఆశ చూపగలిగేది కాదట. ఆ హద్దు పోయింది. "ఇంకొక కాయిదా ఉండె సాబ్. ఎవని మైదానంల ఆడినా, టికెట్ల మీద వచ్చినదాంట్ల వచ్చిన చుట్టానికి గూడ ఇంత ఇచ్చెటోళ్లు. పెద్దూరికి పోయి ఓడిపోయినా చిన్నూరోడు ఉత్త చేతుల్తోని ఇంటికి రాకపోతుండె. గది గూడ తీసేసిన్రు. ఎవని మైదానం పైసలు వానియే." తొంభైలు ఆరంభమైన రోజుల్లో, పెద్ద జట్ల పూనికతో పై శ్రేణి మొత్తం పాత సంఘాన్ని విడిచి వేరు కుంపటి పెట్టుకుంది. ఆకాశమార్గాన ఇంటింటికీ చేరే టెలివిజన్ ధనం ఆ కుంపటికి కట్టెలయింది. అటుపైన ఏ చిన్న ఊరిలో ఏ కుర్రవాడు రెండు నెలలు బాగా ఆడినా, మూడో నెలలో పెద్ద జట్టు అంగీలో కనిపించేవాడు.

"ధనమూలమిదం జగత్ అని పెద్దలు ఊరకే అన్నారా భాయి! ఆ ధనికులమీద నీకు కోపం రాదా?" అని అడిగాను.

"కోపమెందుకు సాబ్? ఏన్గు పెద్దగున్నదని ఏన్గు మీద కోపమొస్తదా? మొన్న మనోళ్ల మీద వాళ్లు కొట్టిన గోలు విన్నరా? బంతి ఏడు కాళ్లు మారింది, ఒక్కడు గూడ తల ఎత్తి చూడలే. మనోళ్లు ఓడిన్రు, నిజమే. గని ఏం ఓడగొట్టిన్రు సాబ్!" చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. అవి తన జట్టు ఓటమికి వచ్చిన కన్నీళ్లో, ఎదుటివారి కౌశలానికి వచ్చిన ఆనందబాష్పాలో నేను నిర్ణయించలేకపోయాను. ఆయనకూ తెలిసి ఉండదు. తరువాత కొన్నేండ్లకు ఒక చిన్న మిల్లు పట్టణపు జట్టును, ఇనుము అమ్మి గడించిన ఆ ఊరి పెద్దాయన ఒకడు ధనం గుమ్మరించి అందరికంటె పైకి చేర్చాడు. "ఇప్పుడు గెలిచింది చిన్న ఊరా, పెద్ద సొమ్మా?" అని నేను ఎత్తిపొడిచాను. "రెండు. ముసలాయన తన ఊరికి పెట్టుకున్నడు సాబ్, కన్నతల్లికి గాజులు చేయించినట్టు. దాంట్ల తప్పేమున్నది?" అన్నాడు. 

ఇక ఆయన జీవితంలో అసలు పరీక్ష. పెద్ద జట్లు వేరు కుంపటి పెట్టిన మరుసటి ఏడే మన ఊరిలో రైసుమిల్లు యజమాని విశ్వనాథం సేఠ్‌కు ఫుట్‌బాల్ మీద మక్కువ పుట్టింది. దసరాకు ముందు జరిగే పోటీల్లో కప్పు తన మిల్లు గుమ్మంలో నిలవాలని సంకల్పించాడు. మద్దూరు నుంచి ఒకణ్ణి, దౌల్తాబాద్ నుంచి ఇద్దరిని తెచ్చుకున్నాడు. వచ్చినవాడికల్లా మిల్లులో కొలువు. జట్టుకు అంగీలు కుట్టించే ముందు గౌస్ భాయి దుకాణం ఎదుట కారు ఆపాడు. నేను అక్కడే ఉన్నాను. తలుపు మీది పేర్లను పైకి చూసి, "గౌస్ భాయి, నెల రోజుల నుంచి చూస్తున్న, మీదికెల్లి మొదటి పేరు కదుల్తనే లేదు. మొగోళ్లంటె వాళ్లు! వాళ్ల అంగీలు ఏ రంగయ్యా?" అన్నాడు.

గౌస్ భాయి తలుపు వైపు ఒకసారి చూశాడు. "నీలం సేఠ్. చేతులు తెల్లగుంటయి."

"గదే కుట్టిస్త!" అని సేఠ్ వెళ్లిపోయాడు. యాదగిరి చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వసాగాడు. గౌస్ భాయి అతణ్ణి వారించాడు. "నవ్వకురా. సేఠ్‌కు ఎవ్వలు చెప్పొద్దు. మనోళ్లకు గిన్నేండ్లకు ఒక ధనవంతుడు దొరికిండు."

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలువలేదు. సేఠ్ దృష్టి రాజమల్లు మీద పడింది. బస్తీ జట్టుకు ప్రాణం రాజమల్లు. మగ్గం నేసే ఇంటి బిడ్డ, ఇరవై మూడేండ్లవాడు. గౌస్ భాయి పదేండ్లు చెక్కిన శిల్పం. మిల్లులో శాశ్వతోద్యోగం ఇస్తాను, నా జట్టుకు ఆడు అని సేఠ్ కబురు పెట్టాడు. రాజమల్లు పోతే బస్తీ జట్టు నిలువదని అందరికీ తెలుసు. అప్పుడు జట్టువాళ్లంతా నా ఇంటికి వచ్చారు. బంతి మీద చేయి వేయించి ప్రమాణం చేయిస్తాం, దానికి తగ్గ మాటలు రాసివ్వండి అన్నారు. నేను ఉత్సాహంగా రాశాను. 'ప్రాణసమానమగు ఈ సంఘమును ధనాశాపరవశుడనై ఎన్నడును వీడనని' అంటూ ఒక పుట నిండా గంభీరమైన ప్రతిజ్ఞ. రాజమల్లు గురువు మాట జవదాటడు. గురువు ఆ కాగితం ముందు పెడితే చాలు.

మైదానంలో గౌస్ భాయి దానిని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. "ఏం భాష సాబ్! వింటుంటె పానం లేసొచ్చింది" అన్నాడు. ఆ తరువాత కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా జేబులోనే పెట్టాడు.

"గని ఇది తాడు సాబ్. రాజమల్లుకు పోయిన నెల బిడ్డ పుట్టింది. వాని బాపు మగ్గం మీద దగ్గుకుంట కూసుంటుండు. వానికి నెలనెల జీతమొచ్చే జాగ దొరికింది. నేనేమిస్త? శనివారం నాడు లండన్ ముచ్చట్లిస్త."

"జట్టు పోతుంది భాయి. నీ ఇరవై ఏండ్ల శ్రమ పోతుంది" అన్నాను.

"పోతది. నేను పేదోన్ని గాబట్టి నువ్వు గూడ నాతోని పేదగనే ఉండుమంటె, సేఠ్ కన్న నేనే ఎక్కువ గుంజుకున్నట్టు గాదా?"

 మరునాడు ఉదయం తానే రాజమల్లును సైకిలు మీద ఎక్కించుకొని మిల్లు దాకా తీసుకుపోయాడు.

పోటీల చివరి ఆట మిల్లు జట్టుకూ బస్తీ జట్టుకూ పడింది. ఆట మొదలయ్యే ముందు బస్తీ గోల్‌కీపరు జహీర్ గురువు చేతులు పట్టుకున్నాడు. "చాచా, రాజమల్లన్న కొట్టే ముందు ఏదో చేస్తడు, ఎటు కొడ్తడో నీకు ముందే ఎరికైతది. గదేందో ఒక్క ముక్క చెప్పు. గట్లైతెనే గెలుస్తం."

"ఎరికె. చెప్ప."

"ఎందుకు చెప్పవు? ఇప్పుడు వాడు మనోడు గాదు గద!"

"వాని గుట్టు నాకు శిష్యునిగ చూపిండురా జహీరూ. దుష్మనుగ చూపలే. నీ కండ్లతోని నువ్వే దొరకబట్టు. దొరికితె నీది."

ఎవరి గెలుపు కోసమైతే ప్రాణం పెట్టగలడో, ఆ గెలుపు తన నాలుక చివర ఉండగా నోరు మూసుకున్న మనిషిని నేను ఆనాడు చూశాను.  బస్తీ జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడింది. మిల్లు గోల్స్‌లో రెండు రాజమల్లువే. గోలు కొట్టిన ప్రతిసారీ తల వంచుకొని వెనక్కి నడిచాడు. గీత అవతలినుంచి గౌస్ భాయి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. "తల ఎత్తురా! మంచిగ కొట్టినోడు తల దించొద్దు" అని అరిచాడు. చుట్టూ ఉన్న బస్తీ జనం ఆయనను తిట్టారు. ఆయన వినలేదు.

వారం తిరగకముందే సేఠ్‌కు ఎవరో నిజం చెప్పారు. కారు దిగి, కప్పు గెలిచిన మనిషిలా కాకుండా ఓడినవాడిలా వచ్చాడు. "ఏమయ్యా గౌస్ భాయి, ఇంగ్లండ్ల అందరికన్న కిందున్నోని అంగీ తొడిగించినవా నా పోరగాండ్లకు? ఊరంత నవ్వుతుండ్రు!"

"నేను తొడిగియ్యలే సేఠ్, మీరు రంగు అడిగిన్రు, నేను చెప్పిన. గని ఒక్క ముచ్చట చెప్పుండ్రి. గా అంగీ గాడ ఎన్నేండ్లాయెనో కప్పు మొకం చూడలే. గీడ మీ పుణ్యాన చూసింది. గది తీసేస్తరా?"

 సేఠ్ నవ్వి, చాయ్ తాగి పోయాడు. మిల్లు జట్టు ఈనాటికీ నీలి అంగీలోనే ఆడుతున్నది.

బస్తీ జట్టు మాత్రం మిగలలేదు. మరుసటి ఏడు జహీర్‌నూ మిల్లు పిలిచింది. అతణ్ణీ గౌస్ భాయే పంపాడు. రెండేండ్లలో పోటీల జాబితాలో ఆ పేరు కనబడకుండా పోయింది. ఇరవై రెండేండ్లు సాయంకాలం మైదానానికి నడిచిన మనిషి, ఆ తరువాత నేరుగా ఇంటికి నడిచాడు. బాధ లేదా అని ఒకసారి అడిగాను. "లేకేం సాబ్. గా దారిల పోతె కాళ్లు వాటంతట అవే మైదానం దిక్కు మల్లుతయి. గుంజుకొని ఇంటికి తీస్కపోతున్న" అన్నాడు. అంతకు మించి ఏనాడూ పలుకలేదు.

శుక్రవారం జుమ్మా నమాజు తరువాత ఆయనను ఖననం చేశారు. మిల్లు ఆ పూట ఆపి సేఠ్ వచ్చాడు. జహీర్ సమాధిలోకి దిగి దేహాన్ని అందుకున్నాడు. అందరూ మూడేసి పిడికిళ్ల మన్ను వేశారు. జనం కదిలిపోయాక రాజమల్లు నా దగ్గరికి వచ్చాడు. అతని చేతులకు ఇంకా మట్టి ఉంది.

"సార్, మీరు ఆనాడు రాసిన కాయితం ముచ్చట నాకు ఎరికె."

నేను సిగ్గుతో తల దించుకున్నాను.

"గది నా ముందట పెడ్తె సంతకం చేస్తుంటి సార్. కాయితం గూడ అక్కర లేకుండె. ఒరే మల్లూ, ఉండురా అంటె ఉంటుంటి. మిల్లు దాక సైకిలు మీద తీస్కపోయిండు. దారి పొడుగున అన్ని మాట్లాడిండు, బిడ్డ పేరు అడిగిండు, బాపు దగ్గు మందు చెప్పిండు. గా ఒక్క మాట అంటడేమో అని చూసిన. అనలే. నేను గేటు లోపటికి పోయి ఎనుకకు చూస్తె గాడనే నిలబడ్డడు. చెయ్యి ఊపుతుండు సార్, పో, లోపటికి పో, అని."



రేడియోలు బాగుచేసేవారు ఈ ఊరికి మరొకరు రావచ్చు. మైదానంలో కుర్రవాళ్లకు ఆట నేర్పేవారూ పుట్టవచ్చు. కాని సర్వస్వమూ ఒక్క మాట మీద ఆధారపడిన వేళ, ఆ మాట చెల్లుతుందని తెలిసి తెలిసి పెదవి దాటనీయని మనిషి నా దీర్ఘజీవితంలో ఇంకొకరు తారసపడలేదు. ఈ వయసులో ఇక తారసపడతారన్న ఆశ లేదు. జీవితమంతా మాటలు నేర్పి బతికినవాణ్ణి నేను. గౌస్ భాయి అనకుండా ఆపుకున్న ఆ ఒక్క మాటకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను.